ఫారంలో లేని చుట్టరికం

పిడుగు యుద్ధానికి వెళతానన్న రోజున ఇంట్లో ఎవరూ నమ్మలేదు. అంతకుముందు వాడు ఫోటో స్టూడియో పెడతానన్నాడు, ఈత పోటీలకు వెళతానన్నాడు, ఏడాదిపాటు మాంసం ముట్టనని అక్క మీద ఒట్టేసి నాలుగో రోజుకే గిన్నె అడుగు నాకాడు. అందుకని వాళ్ళక్క కుట్టుమిషను మీంచి తలెత్తకుండానే, "అలాగే వెళ్దువుగానిలే, ముందు ఆ చొక్కా విప్పి నానబెట్టు, కంపు కొడుతోంది" అంది.

వాడు చొక్కా విప్పలేదు. జేబులోంచి వీసా కాగితం తీసి మిషను బల్ల మీద పెట్టాడు.

"ఎవరో ఒకరు వెళ్ళాలి కదక్కా. అక్కడ ఊళ్ళకి ఊళ్ళు తగలబడుతున్నాయి. పార్సెళ్ళు పంచుకుంటూ అవన్నీ ఫోన్లో చూస్తూ కూర్చుంటే నాకు తిండి సయించట్లేదు."

వాడి మాటలో అబద్ధం లేదు. ఎవరూ మాయ చేసి తీసుకుపోలేదు, ఏజెంటు ఎవడూ ఆశపెట్టలేదు. ఆ దేశం మీదికి పక్క దేశం దండెత్తింది. బయటి దేశాల వాళ్ళెవరైనా వచ్చి తమ తరఫున పోరాడవచ్చని వాళ్ళు ఒక స్వచ్ఛంద దళం పెట్టారు. ఇరవై అయిదేళ్ళ వయసు, ఆపితే ఆగని మనిషి, వెళతానన్నాడు. అంతే.

వాళ్ళమ్మ పోయేనాటికి పిడుగుకు ఆరేళ్ళు. అప్పటికే పెళ్ళయిన అక్క వాణ్ణి చంకనేసుకుని అత్తవారింటికి తెచ్చుకుంది. ఆమె మొగుడు బస్సు డిపోలో మెకానిక్కు. తర్వాత వాళ్ళకు పిల్లలు కలగలేదు. బళ్ళో చేర్పించేటప్పుడు, జ్వరమొస్తే భుజాన వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తేటప్పుడు, మొదటిసారి సిగరెట్టు తాగుతూ దొరికితే వీపు విమానం మోత మోగించేటప్పుడు, వాడికి ఉన్న దిక్కు ఈ మెకానిక్కే. వాడు మాత్రం ఏనాడూ భయపడి ఎరగడు. "నువ్వు బావవి. బావంటే వేళాకోళం ఆడాలిగాని భయపడకూడదు" అనేవాడు.

వీసా కాగితం చూశాక రెండు రోజులు అక్క ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున, మొగుడు డిపోకి బయలుదేరుతుంటే గుమ్మంలో నిలబడింది.

"వాడితోపాటు మీరూ వెళ్ళండి."

"నేనా? నాకు నలభై నాలుగేళ్ళొచ్చాయి!"

"మెకానిక్కులకి వయసు చూడరట. వాడే చెప్పాడు. ఆరు నెలలే కదండీ. వేడి చల్లారాక చెవి పట్టుకుని లాక్కురండి. మీరు పక్కనుంటే నాకు గుండె మీద చెయ్యేసుకుని ఉండొచ్చు."

యుద్ధమంటే సంతకెళ్ళి రావడమా అని ఆయనకు నోటిదాకా వచ్చింది. ఆమె కళ్ళు చూసి మింగేశాడు. డిపోలో సెలవు పెట్టాడు. పెళ్ళాం మాట మీద యుద్ధానికి వెళ్ళిన మొగుడు లోకం మొత్తానికి తానొక్కడే అయ్యుంటాడని తర్వాత దళంలో చెప్పి అందర్నీ నవ్వించేవాడు.

దళంలో చేర్చుకునేది ఒక బడి భవనంలో. చిన్నపిల్లల బల్లల మీద మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుని సంతకాలు పెట్టారు. ఒప్పందం పదకొండు పేజీలు, వాళ్ళ భాషలో. దుబాసీ పిల్ల రెండు నిమిషాల్లో సారాంశం చెప్పేసింది. మూడు నెలల శిక్షణ, ఆరు నెలల కొలువు, ఆ తర్వాత ఎవరి దారి వాళ్ళది. పాస్‌పోర్టులు భద్రంగా ఉంటాయంటూ ఒక రేకు పెట్టెలో వేసుకున్నారు. మూడు నెలలన్న శిక్షణ పందొమ్మిది రోజుల్లో ముగిసింది. తుపాకీ విప్పడం, బిగించడం, తెగిన కాలికి కట్టు కట్టడం నేర్పారు. మిగతాది అక్కడికెళ్ళాక అదే వస్తుందన్నారు.

అసలు పేర్లు అక్కడ ఎవరూ వాడరు. ముప్పై దేశాల పేర్లు ఎవరికి నోరు తిరుగుతాయి? మొదటి రోజు పొద్దున మైదానం అవతలి నుంచి పిడుగు "బావా, ఒరే బావా!" అని గొంతు చించుకున్నాడు. హాజరు వేసుకునేవాడు అదే పేరనుకుని రాసేసుకున్నాడు. అప్పటినుంచి కెప్టెన్ మొదలు వంటవాడి దాకా అందరికీ మెకానిక్కు బావే. "ఇంతమంది బావమరుదులకి పెళ్ళిళ్ళు చేసేసరికి నా నడుం విరుగుతుందిరా" అని ఆయన మొత్తుకుంటే, పిడుగు పడీపడీ నవ్వి, అటూ ఇటూ ఉన్నవాళ్ళకు వచ్చీరాని భాషలో అర్థం చెప్పబోయేవాడు. వాళ్ళ భాషల్లో అంత చుట్టరికానికి ఒక్క మాట లేదు. ఎవరికీ ఎక్కలేదు.

పక్కనుంటాననుకున్నది ఆ పందొమ్మిది రోజులే. పిడుగును ముందు వరసకు పంపారు. మెకానిక్కును పాతిక మైళ్ళ వెనక, మూతపడ్డ పెంకుల ఫ్యాక్టరీలో పెట్టిన షెడ్డుకు వేశారు. అక్కడ ఆయన పై మనిషి ఒక ముసలి ఫోర్‌మన్, ఆ ఊరివాడే. ఒకరి భాష ఒకరికి ముక్క రాదు. ఫోర్‌మన్ చెయ్యి చాస్తే ఏ సైజు పానా కావాలో మాత్రం ఇద్దరికీ తెలుసు.

షెడ్డులో మొదటి పని రిపేరు కాదు, కడగడం. ముందు వరస నుంచి వచ్చిన బండి లోపల నేలంతా నెత్తురు ఎండి అట్టకట్టి ఉండేది. నీళ్ళ గొట్టం పెట్టి, చీపురుతో గీకి, నీళ్ళు తేటగా పోయేదాకా కడిగాకే బోనెట్టు ఎత్తాలి. మొదటి వారం ఆయనకు మూడు పూటలు వాంతులయ్యాయి. రెండో వారానికి సీటు కింద చెయ్యి పెట్టేముందు కళ్ళు మూసుకోవడం నేర్చుకున్నాడు. ఒకసారి బూటు దొరికింది, ఒకసారి కళ్ళజోడు, ఒకసారి చిన్నపిల్ల రంగుపెన్సిళ్ళతో వేసిన ఇంటి బొమ్మ. అలాంటివన్నీ ఒక అట్టపెట్టెలో వేసేవాడు. వాటికోసం ఎవరూ రాలేదు.

రెండు నెలలకు పిడుగు మూడు రోజుల విశ్రాంతి మీద షెడ్డుకు వచ్చాడు. మెకానిక్కు ఎదురెళ్ళాడుగాని, ముందు పోల్చుకోలేకపోయాడు. బుగ్గలు లోపలికి పోయాయి. అస్తమానం ఏదో ఒకటి వాగే మనిషి అడిగితే తప్ప నోరు విప్పడం లేదు. షెడ్డు బయట పెంకుల గుట్ట మీద కూర్చుని ఎండకు కాళ్ళు చాపాడు. గోళ్ళు నల్లబడిపోయి ఉన్నాయి.

"ఏరా, ఎలా ఉంది?"

"ఎలా ఉందంటే ఏం చెప్పను బావా. గుంటలో కూర్చుంటాం. పైన డ్రోను తిరుగుతూ ఉంటుంది, చెవిలో జోరీగలాగ. అది మనల్ని చూసిందా లేదా అనుకుంటూ రోజంతా కూర్చుంటాం. నేను ఇంతవరకూ ఒక్క శత్రువు మొహం చూడలేదు. మా గుంటలో పదకొండు మందిమి. ఇప్పుడు నలుగురం. ఒకడి పేరు కూడా నేను అడగలేదు. పొద్దున వచ్చాడు, సాయంత్రానికి పోయాడు" అన్నాడు.

మర్నాడు మెకానిక్కు తిన్నగా కెప్టెన్ దగ్గరకెళ్ళాడు. తన బావమరిది డ్రైవింగులో ఘనుడని, గాయపడ్డవాళ్ళను మోసే వ్యానుకు పెట్టుకుంటే కళ్ళు మూసుకుని నడుపుతాడని, కాళ్ళావేళ్ళా పడి వాణ్ణి గుంటలోంచి బయటికి లాగాడు. భార్యకు ఫోన్లో గొప్పగా చెప్పాడు కూడా. "నీ తమ్ముడికి ఇప్పుడు తుపాకీ పని లేదు. వ్యాను డ్రైవరు. నేను బాగుచేసిన బండే నడుపుతాడు."

"బతికించారు" అందామె.

ఆరు నెలలు నిండాయి. ఇంటికి వెళ్ళిపోదామన్నది ఈసారి పిడుగే. "ఇంక పోదాం బావా. నా వల్ల అయినంత చేశాను" అన్నాడు. చెవి పట్టుకుని లాక్కెళ్ళే అవసరం కూడా లేకపోయింది. ఇద్దరూ శుభ్రమైన బట్టలు వేసుకుని కెప్టెన్ ముందు నిలబడ్డారు. కెప్టెన్ వయసులో పిడుగు కంటే నాలుగైదేళ్ళే పెద్ద. కళ్ళ కింద సంచులు వేలాడుతున్నాయి. ఒప్పందం తీసి తొమ్మిదో పేజీ తిప్పి వేలు పెట్టాడు. ఆరు నెలలు నిండాక కూడా, పై అధికారి అవసరమనుకుంటే కొలువు దానంతటదే పొడిగింపవుతుందని అక్కడ ఉందట.

"మాకిది చదివి చెప్పలేదు" అన్నాడు మెకానిక్కు.

"నాకు తెలుసు. నువ్వు వెళితే ఆ బండ్లు ఎవరు బాగుచేస్తారు బావా? అతను వెళితే ఎవరు నడుపుతారు? ఒక్క పేరు చెప్పు, ఇప్పుడే సంతకం పెడతాను."

పాస్‌పోర్టులైనా ఇమ్మని మెకానిక్కు అడిగాడు. పాస్‌పోర్టులున్న రేకు పెట్టె ఎక్కడుందో కూడా ఆ గదిలో ఎవరికీ తెలియదు.

తర్వాత నెల వానలు దిగాయి. దారులన్నీ జారుడు బురద. వ్యాన్లు రోజంతా మొదటి గేరులో ఏడుస్తూ ఎక్కడం వల్ల క్లచ్ ప్లేట్లు అరిగిపోయేవి. పిడుగు నడిపే వ్యానుకు కూడా అదే జబ్బు వచ్చింది. ప్లేటు తెప్పించమని మెకానిక్కు మూడుసార్లు రాసి పంపాడు. రాలేదు. బండి నడపకూడదని రిజిస్టరులో పెద్ద అక్షరాలతో రాసి చక్రాల కింద దుంగలు పెట్టాడు.

ఒకరోజు తెల్లవారాక కెప్టెన్ స్వయంగా వచ్చాడు. వాగు అవతలి గట్టు దగ్గర నేలమాళిగలో అయిదుగురు గాయాలతో పడి ఉన్నారు. తక్కిన వ్యాన్లు రెండూ కాలిపోయాయి.

"ఏదో ఒకటి చెయ్యి."

మెకానిక్కు, ఫోర్‌మన్ కలిసి గేర్‌బాక్సు దించారు. తుక్కులో పడున్న లారీ క్లచ్ ప్లేటు మీది గరుకు పొర, లైనింగు, ఊడదీసి, కోసి, వ్యాను ప్లేటుకు సరిపెట్టి రివెట్లు కొట్టారు. గంటన్నర పట్టింది. డిపోలో ఎవడైనా కుర్రాడు అలాంటి పని చేస్తే మెకానిక్కు చెంప పగలగొట్టేవాడు.

"నడుస్తుందా, నడవదా?" అన్నాడు కెప్టెన్.

"నడుస్తుంది. ఎంత దూరమో చెప్పలేను. ఇది వద్దు సార్. ఇంకో బండి చూడండి."

"నడుస్తుందన్నావుగా, చాలు" అంటూ పిడుగు అప్పటికే సీటెక్కాడు. స్ట్రెచరు మోసే మనిషి పక్కన కూర్చున్నాడు. ఏదో దేశంలో చిన్న తరగతులకు పాఠాలు చెప్పుకున్నవాడు, పిడుగు ఆయనకు మాస్టారని పేరు పెట్టాడు.

మెకానిక్కు కిటికీ పట్టుకున్నాడు. "ఒరేయ్, క్లచ్ మీద కాలు పెట్టి ఉంచకు. గట్టు ఎక్కేటప్పుడు ఆపావో, మళ్ళీ కదలదు. నలుగురికంటే ఎక్కువమందిని ఎక్కించకు."

"నువ్వు డిపోలో డ్రైవర్లని తిట్టినట్టు తిట్టకు బావా" అని నవ్వి, వాడు బండి కదిలించాడు.

మధ్యాహ్నానికి మాస్టారు ఒక్కడే నడుచుకుంటూ వచ్చాడు. ఒళ్ళంతా బురద. షెడ్డు ముందు నిలబడి, బావా అని పిలిచి, ఒక్కొక్క మాటే కూడబలుక్కుని చెప్పాడు. అయిదుగురిలో ఎవరిని వదిలి రావాలో తేల్చుకోలేక అయిదుగురినీ ఎక్కించుకున్నారు. గట్టు సగం ఎక్కాక ఎదురుగా దారిలో గొయ్యి. పిడుగు ఆపక తప్పలేదు. మళ్ళీ కదిలించబోతే ఇంజను గోల పెట్టిందిగాని బండి కదల్లేదు. కాలిన వాసన వచ్చింది. పైన డ్రోను చప్పుడు వినిపించింది. నడవగలిగిన ఇద్దరినీ మాస్టారు కాలువలోకి దించాడు. పిడుగు వెనక తలుపు తీసి మూడోవాణ్ణి బయటికి లాగుతున్నాడు. పరిగెత్తమని మాస్టారు అరిచాడు. వాడు వినలేదు. లేదా విన్నా వదల్లేదు.

మెకానిక్కు చేతిలో పానా ఇంకా అలాగే ఉంది. ఫోర్‌మన్ వచ్చి దాన్ని మెల్లగా లాగి తీసుకుని, ఆయన్ని డ్రమ్ము మీద కూర్చోబెట్టాడు.

ఆ సాయంత్రమే గట్టు శత్రువుల చేతిలోకి పోయింది. శవం రాలేదు. శవం లేకపోతే చనిపోయినట్టు రాయరట. పిడుగు పేరు ఎదురుగా "కనిపించుటలేదు" అని రాశారు. డ్రోను బండి మీద పడడం తాను చూశానని మాస్టారు ఎంత మొత్తుకున్నా ఆ ముక్క మారలేదు. మెకానిక్కు ఇంటికి ఫోన్ చేశాడు. కాగితంలో ఏం రాసుందో అదే చెప్పాడు.

"కనిపించట్లేదంటే? వెతుకుతున్నారా?" అందామె.

"వెతుకుతున్నారు."

ఎవరూ వెతకడం లేదని ఆయనకు తెలుసు. షెడ్డులో ఎవరైనా బావా అని పిలిస్తే ఇప్పుడు ఒంటికి నిప్పంటుకున్నట్టుండేది. వాళ్ళ తప్పేముంది, వాళ్ళకు తెలిసిన పేరు అదొక్కటే.

ఆరు వారాలకు గట్టు మళ్ళీ చేతికొచ్చింది. వ్యానును గొలుసు కట్టి షెడ్డుకు లాక్కొచ్చి పడేశారు. వెనక సగం లేదు, ముందు సగం బాగానే ఉంది. పనికొచ్చే సామాను ఊడదీసుకోమన్నారు. మెకానిక్కు ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు. నీళ్ళ గొట్టం తెచ్చి ఒక్కడే కడిగాడు, డ్రైవరు సీటు గుడ్డతో తుడిచాడు. ఆ తర్వాత కిందికి దూరి గేర్‌బాక్సు దించాడు. చూడకుండా ఉండలేకపోయాడు. లైనింగు మాడి బొగ్గయింది. తాను కొట్టిన రివెట్లలో సగం తెగిపోయి లోపల గలగలమన్నాయి. గొయ్యి ఉండనీ, అయిదుగురు ఎక్కనీ, వానే రానీ, ఆగిపోయింది మాత్రం తన చేత్తో చేసిన ప్లేటు. దాన్ని పట్టుకుని బండి కిందే చాలాసేపు పడుకుని ఉండిపోయాడు.

మూడు రోజుల తర్వాత ఆ గట్టు పక్క కాలువ పూడిక తీస్తున్నవాళ్ళకు పిడుగు దొరికాడు. మెడలో ఉన్న బిళ్ళను బట్టి పోల్చారు.

శవంతోపాటు ఇంటికి వెళ్ళడానికి సెలవిస్తారు, దగ్గరి బంధువైతేనే. ఆఫీసులో గుమస్తా ఒక నడివయసు ఆవిడ. ఎడమచేత్తో తల పట్టుకుని కుడిచేత్తో ఫారం నింపుతోంది.

"పోయినవాడు మీకేమవుతాడు?"

"బావమరిది. నా భార్య తమ్ముడు."

ఆవిడ ఫారం మీద వేలు జరుపుకుంటూ వెళ్ళింది. తండ్రి, తల్లి, భర్త, భార్య, సంతానం, తోబుట్టువు. అక్కడితో సరి. "మీరు చెప్పింది ఇందులో లేదు. రక్తసంబంధం కాదు. శవాన్ని మేమే పంపిస్తాం, మీరు వెళ్ళడానికి కుదరదు."

"వాడు నన్ను బావా అని పిలుస్తాడమ్మా."

"అది మీ పేరు కదా?"

ఏమని చెప్పాలి? ఆరేళ్ళ పిల్లాడు అక్క కొంగు పట్టుకుని గుమ్మంలో నిలబడటం, ముక్కు తుడవటం, గుండీలు పెట్టటం, ఇవన్నీ ఏ గడిలో పడతాయి? ఆయన బల్ల మీద రెండు చేతులూ ఆనించాడు.

"కొడుకు. నా కొడుకని రాసుకోండి."

ఆవిడ తలెత్తి చూసింది. ఇద్దరి ఇంటిపేర్లూ వేరని ఆవిడ ముందున్న కాగితమే చెబుతోంది. బావమరిదని ఆయన ఇప్పుడే తన నోటితో అన్నాడు కూడా. ఆయన మొహం వంక ఇంకోసారి చూసి, 'సంతానం' అన్న గడిలో టిక్కు పెట్టి, ముద్ర వేసింది. ఇరవయ్యేళ్ళలో ఒక్కసారి కూడా అనని మాట ఒక ఆఫీసులో, ముక్కూ మొహం తెలియని మనిషి ముందు అన్నాడు. వరండాలోకి వచ్చి గోడకు నుదురు ఆనించి ఏడ్చాడు.

ఇంటికి తెచ్చాడు. పెట్టె తెరవకూడదన్నారు, తెరవలేదు. జరగవలసినవన్నీ జరిగాయి. వచ్చినవాళ్ళంతా వాడు వీరుడన్నారు, అక్క తల ఊపింది. ఏడవలేదు.

సెలవు అయిపోయినా ఆయన దళానికి తిరిగి వెళ్ళలేదు, డిపోకి వెళ్ళడం మొదలుపెట్టాడు. బ్రేకులు చూసేవాడు, ఇంజను చూసేవాడు, క్లచ్ పని వస్తే పక్కవాడికి అప్పగించేవాడు. ఇంట్లో మింగలేక కక్కలేక తిరిగేవాడు. ఆమె పెడితే తినేవాడు. ఒకరికొకరు నీళ్ళ గ్లాసు అందించుకునేవాళ్ళు, అంతకుమించి మాటల్లేవు. అలా నాలుగు నెలలు గడిచాయి.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆమె ఎవరిదో జాకెట్టుకు కాజాలు కుడుతూ కిటికీ దగ్గర కూర్చుంది. ఆయన వచ్చి ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"నీకు ఒక సంగతి చెప్పలేదు. వాడు పోయింది బండి ఆగిపోవడం వల్ల. ఆ బండికి క్లచ్ ప్లేటు నేనే అతికాను. పనికిరాదని తెలిసే అతికాను. ఆ అతుకే తెగింది. విప్పి నా కళ్ళతో చూశాను. వాణ్ణి ఆ బండెక్కించిందీ నేనే, బతిమాలి మరీ."

ఆమె సూది ఆగింది.

"నాకు తెలుసు" అంది.

"ఏం తెలుసు?"

"ఆ రోజు పొద్దున బయలుదేరేముందు ఫోన్ చేశాడు. 'బండి బాగాలేదక్కా. బావ ఏదో అతుకు వేస్తున్నాడు, వద్దు వద్దంటూనే వేస్తున్నాడు. కానీ అక్కడ అయిదుగురు పడున్నారు, వెళ్ళకపోతే ఎలా' అన్నాడు. నేను వద్దురా అనలేదండీ. ఒక్క మాట అంటే ఆగేవాడేమో. సరే జాగ్రత్త అన్నాను. జాగ్రత్త అని పెట్టేశాను. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని."

ఆయన చెయ్యి చాచి ఆమె ఒళ్ళోంచి జాకెట్టు, సూది తీసి పక్కన పెట్టాడు. "ఎంతమంది బతికారు?" అని ఆమె అడిగింది.

"ఇద్దరు. మాస్టారితో కలిపితే ముగ్గురు."

"ఎక్కడున్నారో తెలుసా?"

"తెలియదు. ఒకడి కాలు తీసేశారని విన్నాను."

ఆమె తల ఊపి, ఊపుతూ ఊపుతూనే ముందుకు వంగిపోయింది. ఆయన పట్టుకున్నాడు. వీధిలో ఎవరో తలుపు తట్టి జాకెట్టు అయిందా అని కేకేశారు. ఇద్దరిలో ఎవరూ లేవలేదు. వాడు పోయాక ఆ ఇంట్లో వాళ్ళిద్దరూ కలిసి ఏడవడం అదే మొదలు.